మాల వేసినన్నాళ్లూ చుక్క ముట్టనివాడు, తీసిన సాయంత్రమే ఎందుకు తాగుతాడు?

పెన్నా_ఒడ్డు

అందరికీ నమస్కారం. మాది ఇందుకూరుపేట పక్క పల్లె. మా తమ్ముడు రొయ్యల గుంటల మీద పనిచేస్తాడు. రాత్రంతా నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా చూసుకోవాలి, కరెంటు పోతే జనరేటర్ వేయాలి, తెల్లారేసరికి మేత చల్లాలి. కొన్నేళ్లుగా తాగుడు బాగా ఎక్కువైంది. అయినా ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేస్తాడు. ఆ నలభై ఒక్క రోజులూ చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, భిక్ష. మందు మాటే ఎత్తడు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే గుంట దగ్గరికి పోయి తాగేసి వస్తాడు.

ఊళ్లో అందరిదీ ఒకటే మాట, మనసుంటే మానలేడా అని. నలభై ఒక్క రోజులు ఉండగలిగినవాడికి మనసు లేదని ఎట్టా అంటాం? మా మరదలు పిల్లల మీద ఒట్టు వేయించింది. ఆ ఒట్టు తప్పిన తర్వాత ముందుకంటే ఎక్కువ తాగాడు. ఒక డాక్టరుగారు "మైండ్‌ఫుల్‌నెస్ చేయించండి" అని ఒక్క ముక్కలో చెప్పి పంపేశారు. దాని గురించి చదివినవాళ్లు, చేసినవాళ్లు ఉంటే అది ఏంటో, ఇట్టాంటి మనిషికి పనికొస్తుందో లేదో చెప్పండి.

గుండ్లకమ్మ

అక్కా, నేను ఒంగోలులో సైకాలజీ చెప్తాను. మీ ప్రశ్నకు కొంచెం పొడుగ్గానే జవాబు రాయాలి.

మనిషికి ముందు కోరిక పుడుతుంది, తర్వాత తాగుతాడు అని మనందరం అనుకుంటాం. 1990లో స్టీఫెన్ టిఫనీ అనే అమెరికన్ సైకాలజిస్టు దీన్ని ప్రశ్నించాడు. ఏళ్ల తరబడి తాగుతున్నవాడికి తాగడం అనేది ఆలోచనతో పనిలేకుండా జరిగిపోయే పనుల వరుసగా మారుతుందని ఆయన వాదన. ఫలానా వేళ, ఫలానా చోటు, ఫలానా మనుషులు కనిపిస్తే చాలు, కాళ్లు అటు నడుస్తాయి, చెయ్యి గ్లాసు అందుకుంటుంది. అది వేగంగా జరుగుతుంది, ప్రయత్నం అక్కర్లేదు, మొదలయ్యాక ఆపడం కష్టం, చాలాసార్లు మనిషికి తెలియకుండానే సగం దాకా వెళ్లిపోతుంది. విపరీతమైన కోరిక ఎప్పుడు తెలుస్తుందంటే, ఆ వరుసకు ఏదో అడ్డం వచ్చినప్పుడు. షాపు మూసి ఉన్నప్పుడు, చేతిలో డబ్బు లేనప్పుడు, మానాలని తనే అనుకున్నప్పుడు.

ఇప్పుడు మీ తమ్ముడి మాల రోజులు చూడండి. బట్టలు మారతాయి, తిండి మారుతుంది, పడక మారుతుంది. సాయంత్రం పూజ ఉంటుంది. రోజూ గ్లాసు పోసిచ్చే స్నేహితుడే "స్వామీ" అని పలకరించి దూరంగా కూర్చుంటాడు. అంటే ఆ పనుల వరుసను మొదలుపెట్టే గుర్తులన్నీ ఒకేసారి పోతాయి. మాల తీయగానే అవన్నీ ఒకేరోజు తిరిగొస్తాయి. లోపలి వరుస మాత్రం నలభై ఒక్క రోజులూ చెక్కుచెదరకుండా అట్టాగే ఉంది. దాన్ని మార్చే పని దీక్షలో ఎవరూ చేయించలేదు.

దీనికి పెద్ద సాక్ష్యం వియత్నాం యుద్ధం నుంచి వచ్చింది. 1971లో అక్కడి నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికులను లీ రాబిన్స్ అనే ఆమె పరిశీలించింది. అక్కడ ఉండగా ఐదుగురిలో ఒకరి దాకా హెరాయిన్ లాంటి మత్తుకు బానిసలయ్యారు. ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో వాళ్లలో మళ్లీ బానిసలైంది 5 శాతమే. చోటు మారింది, మనుషులు మారారు, మత్తు దొరకడమూ కష్టమైంది. మీ తమ్ముడికి జరిగేది దీనికి తలకిందులు. ఆయన ప్రతిసారీ అదే గుంట గట్టుకు తిరిగొస్తున్నాడు.

బ్యారన్_రైతు

గుండ్లకమ్మ సార్ చెప్పింది నా విషయంలో నూటికి నూరు పాళ్లు నిజం. మాది టంగుటూరు దగ్గర, పొగాకు రైతులం. బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) కాల్చే రోజుల్లో రాత్రంతా వేడి చూసుకుంటూ కూర్చోవాలి. సిగరెట్ వెలిగించిన సంగతి సగం కాలాక తెలుస్తుంది నాకు. ఎప్పుడు జేబులో చెయ్యి పెట్టానో, ఎప్పుడు అగ్గిపుల్ల గీశానో గుర్తుండదు. కోరిక పుట్టి తాగానని చెప్పలేను.

ఒక్క అనుమానం. తెలియకుండా తాగేవాణ్ణి తెలిసి తాగితే మాత్రం ఏం ఒరుగుతుంది? పొగ పొగే కదా?

గుండ్లకమ్మ

అన్నా, ఈ రంగంలో ముఖ్యమైన ప్రశ్న అదే.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అలన్ మార్లట్ అనే ఆయన ఉండేవారు. మళ్లీ అలవాటులో పడటం ఎట్టా జరుగుతుందన్న దాని మీదే జీవితమంతా పనిచేశారు. 2009లో ఆయనా, శారా బోవెన్ కలిసి సిగరెట్ తాగే 123 మంది కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. అందరికీ సిగరెట్ చూపించి కోరిక పుట్టించారు. సగంమందికి, ఆ కోరికతో పోరాడకుండా, దానికి లొంగకుండా, ఒంట్లో ఎక్కడ ఎట్టా ఉందో గమనించమని నేర్పారు. డాక్టరుగారు చెప్పిన మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఇట్టా గమనించడమే, తెలుగులో ఎరుక అనుకోండి. మిగతావాళ్లకు ఏమీ నేర్పలేదు. ఆ తర్వాత వారం రోజుల్లో నేర్చుకున్నవాళ్లు తక్కువ సిగరెట్లు తాగారు. కానీ కోరిక మాత్రం రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉంది.

ఇది రెండుసార్లు చదవండన్నా. కోరిక తగ్గలేదు. కోరికకూ చేతికీ మధ్య ఉన్న బంధం తగ్గింది. బ్రయన్ ఓస్టాఫిన్ 2012లో మద్యం మీద చేసిన పని కూడా ఇదే చూపించింది. మద్యం వైపు మనసు తనంతట తాను లాగడానికీ, ఎక్కువగా తాగడానికీ మధ్య ఉండే లంకె ఈ శిక్షణతో సడలింది.

అణచిపెట్టడం ఎందుకు పనిచేయదో 1987లోనే డేనియల్ వెగ్నర్ చూపించాడు. తెల్ల ఎలుగుబంటి గురించి ఐదు నిమిషాలు ఆలోచించవద్దు, ఆలోచన వస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఆలోచించవచ్చు అని చెప్పేసరికి, మొదటి నుంచీ ఆలోచించినవాళ్లకంటే వీళ్లకే ఎక్కువగా వచ్చింది. "మందు గురించి అనుకోకురా" అని ఇంట్లో రోజుకు పదిసార్లు చెప్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఒట్టు సంగతి కూడా మార్లట్ రాశారు. ఒక్కసారి తప్పితే మనిషి "నేను చెడిపోయినవాణ్ణి, ఇక అయిపోయింది" అనుకుని ఆపకుండా తాగేస్తాడు. ఒట్టు ఎంత పెద్దదైతే ఆ సిగ్గు అంత ఎక్కువ. పిల్లల మీద ఒట్టు తప్పాక మీ తమ్ముడు ఎక్కువ తాగడానికి కారణం ప్రేమ లేకపోవడం కాదక్కా. ఆ సిగ్గు భరించలేకపోవడం.

పెన్నా_ఒడ్డు

ఈ చివరి మాటలు మా మరదలికి చదివి వినిపించాను. చాలాసేపు ఏడ్చింది. థాంక్స్ సార్.

సిస్టర్_కందుకూరు

ధ్యానం గురించి తర్వాత మాట్లాడుకుందాం. పెన్నా_ఒడ్డు అక్కా, ముందు నాకు ఒకటి చెప్పండి. మాల వేసిన మొదటి మూడు నాలుగు రోజులు ఆయన ఎట్టా ఉంటాడు? చేతులు వణుకుతాయా? చెమటలు పడతాయా? నిద్ర ఉంటుందా? నేను మద్యం మాన్పించే వార్డులో నర్సుగా చేశాను, అందుకే అడుగుతున్నా.

పెన్నా_ఒడ్డు

పోయిన సంవత్సరం చేతులు బాగా వణికాయి సిస్టర్. రెండు రాత్రులు అసలు పడుకోలేదు. ఎవరో పిలుస్తున్నారు అని లేచి బయటికి పోయాడు. స్వామి పరీక్ష అనుకున్నాం. అంతకుముందు ఏళ్లలో ఇంత లేదు.

సిస్టర్_కందుకూరు

అది మద్యం ఒక్కసారిగా ఆపడం వల్ల మెదడు తట్టుకోలేక చేసే గోల. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు హఠాత్తుగా మానితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. సరైన వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ఆపి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆపిన కొద్దీ ఈ లక్షణాలు ముదురుతాయి. మీరు చెప్పింది సరిగ్గా అదే.

కాబట్టి ఈసారి మాలకు ముందే డాక్టరుకు చూపించండి. ఆ వారం మందులతో గట్టెక్కించవచ్చు, బీ-1 విటమిన్ ఇంజక్షన్లు ఇస్తారు. దీక్షకు అది అడ్డం కాదు, గురుస్వామికి చెప్పినా కాదనరు. వణుకు, భ్రమలు ఉన్న మనిషిని కూర్చోబెట్టి శ్వాస గమనించు అనడం మాత్రం సరికాదు. ముందు శరీరం కుదుటపడాలి.

ఇంకొకటి, ఇది చదివే అందరికీ. మన వైపు చాలా ఇళ్లలో "మందు మాన్పించే మాత్ర" అని తెచ్చి, మనిషికి చెప్పకుండా కూరలోనో మజ్జిగలోనో కలుపుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. డైసల్ఫిరామ్ వేసుకున్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది, గుండె ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. అది మనిషికి తెలిసి, తన ఇష్టంతో, డాక్టరు చూపులో వేసుకోవాల్సిన మందు.

బ్యారన్_రైతు

సిస్టర్, ఈ కలిపే పని మా ఊళ్లో కూడా ఉంది. రేపే నలుగురికీ చెప్తాను.

చందవరం

నేను విపస్సన పదిరోజుల శిబిరం చేసినవాణ్ణి, ఆ తర్వాత రోజూ కూర్చుంటున్నాను. విపస్సన ధ్యానం నేర్పిన గోయెంకాగారి పద్ధతిలో ఈ శిబిరాన్ని అమెరికాలో సియాటిల్ దగ్గర ఒక జైల్లో పెట్టారు. మార్లట్ బృందం అక్కడి ఖైదీలను పరిశీలించి 2006లో ప్రచురించింది. విడుదలయ్యాక మూడు నెలలకు చూస్తే, శిబిరంలో కూర్చున్నవాళ్లు మిగతా ఖైదీలకంటే మద్యం, గంజాయి, కొకైన్ తక్కువ వాడారు. అయితే శిబిరానికి వచ్చినవాళ్లు తమంతట తామే ఒప్పుకుని వచ్చినవాళ్లు, చీటీలు తీసి పంపినవాళ్లు కాదు. కాబట్టి ఘనతంతా ధ్యానానిదే అని చెప్పలేం. అక్కడి నుంచే ఎనిమిది వారాల శిక్షణ ఒకటి తయారైంది, వారానికి ఒకసారి కలిసి కూర్చునేది.

మా ఊరి పక్కన గుండ్లకమ్మ ఏటి గట్టున చందవరం బౌద్ధ స్తూపం ఉంది, శాతవాహనుల నాటిది. ఒంట్లో పుట్టే సుఖాన్నీ బాధనీ వచ్చినదాన్ని వచ్చినట్టు చూడటం అక్కడ ఉన్న భిక్షువుల నిత్యకృత్యం అయి ఉంటుంది. అది సియాటిల్ జైలు దాకా పోయి తిరిగి ఇందుకూరుపేట గుంట గట్టుకు రావడం నాకు చాలా సంతోషంగా ఉంది.

ఎట్టా చేయాలో చెప్తాను. కోరిక వచ్చినప్పుడు మొదటి పని ఆగడం. నడుస్తుంటే నిలబడటం. రెండోది, ఒంట్లో ఎక్కడ ఉందో వెతకడం. నాలుక ఎండిందా, గొంతులో బిగువా, పొట్టలో లాగినట్టుందా, చేతులు ఊరికే కదులుతున్నాయా. ఆ చోటు దొరికాక ఊపిరి అక్కడికి తీసుకున్నట్టుగా నెమ్మదిగా పీల్చి వదలడం. పేరు పెట్టుకోవచ్చు, "గొంతు బిగుసుకుంది", "ఇప్పుడు కొంచెం పెరిగింది", "తగ్గుతోంది" అని. తర్వాత చుట్టూ చూడటం, ఎక్కడున్నాను, పక్కన ఎవరున్నారు అని. ఆ తర్వాతే ఏం చేయాలో నిర్ణయించుకోవడం. మార్లట్ దీనికి అర్జ్ సర్ఫింగ్ అని పేరు పెట్టారు. కోరిక అల లాంటిది, లేస్తుంది, ఒక ఎత్తుకు చేరుతుంది, విరిగిపోతుంది. దాన్ని గోడ కట్టి ఆపక్కర్లేదు, అందులో మునగక్కర్లేదు. చాలాసార్లు అరగంట లోపే దిగిపోతుంది.

కోరిక లేని వేళ రోజూ కాసేపు సాధన చేస్తేనే కోరిక వచ్చిన వేళ ఇది గుర్తుకొస్తుంది. నేరుగా మందు సీసా ముందు కూర్చుని మొదలుపెట్టకూడదు.

మైపాడు_అల

అన్నా, నాది తాగుడు కాదు. ఫోన్లో రమ్మీ, క్రికెట్ బెట్టింగ్. నెల్లూరులో పనిచేస్తాను. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేశాక యాప్‌లు చాలావరకు పోయాయి, కానీ ఎవరో ఒకరు లింకు పంపుతూనే ఉంటారు. రాత్రి పడుకునే ముందు వేలు దానంతట అదే ఆ చోటుకు పోతుంది. ఓడినప్పుడు కంటే ఒక్క ముక్కలో గెలుపు పోయినప్పుడు ఇంకా పిచ్చెక్కుతుంది. ఎందుకట్టా? నాకు ఇది పనికొస్తుందా?

గుండ్లకమ్మ

తమ్ముడూ, నువ్వు చెప్పినదాన్ని కేంబ్రిడ్జ్‌లో ల్యూక్ క్లార్క్ బృందం 2009లో మెదడు స్కాన్లతో చూసింది. దాదాపు గెలిచి ఓడినప్పుడు, నిజంగా గెలిచినప్పుడు పనిచేసే మెదడు భాగాల్లో కొన్ని పనిచేశాయి. డబ్బు పోయినా ఇంకా ఆడాలన్న కోరిక పెరిగింది. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతి అలవాటును అన్నిటికంటే గట్టిగా పట్టుకుంటుందని స్కిన్నర్ అనే సైకాలజిస్టు పావురాల మీద అంతకు చాలా ముందే చూపించాడు. నువ్వు బలహీనుడివై కాదు, ఆ ఆటను అట్టా కట్టారు.

పనికొస్తుంది, కానీ రెండూ చెయ్యి. రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టు, బ్యాంకు ఖాతా కొన్నాళ్లు ఇంట్లో ఒకరి చేతికివ్వు. వేలు వెతుక్కుంటున్న క్షణాన చందవరం గారు చెప్పినట్టు చెయ్యి. అప్పులు ఉంటే, బతకాలని లేదన్న ఆలోచన ఏ కొంచెం వచ్చినా 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

మైపాడు_అల

అప్పులున్నాయి అన్నా. ఆ ఆలోచన లేదు. నంబరు సేవ్ చేసుకున్నాను. ఫోన్ ఈ రాత్రికి అమ్మ గదిలో పెట్టేస్తాను.

కలిగిరి_పెద్దమ్మ

మీరంతా చదువుకున్నవాళ్లు, మంచి మాటలే చెప్తున్నారు. ఒక్కటి నేను కూడా చెప్పాల. 1992లో మా పక్క దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకుంటా, ఆ వాచకంలో సీతమ్మ కథ చదివి సారా అంగడి మీదికి పోయినారు. రోశమ్మ ముందుండి నడిపింది. సారా వేలం పాటలు ఆపించినారు. జిల్లా అంతా పాకింది. 1993లో రాష్ట్రంలో సారా ఆగిపోయింది, 1995లో మొత్తం మద్యమే నిషేధించినారు. 1997లో ఎత్తేసినారు.

అంగడి లేనప్పుడు మా ఇళ్లల్లో మొగోళ్లు కూలి డబ్బులు ఇంటికి తెచ్చినారు. వాళ్లెవరూ కళ్లు మూసుకుని కూర్చోలేదు. మీరు మనిషి మనసును సరిచేయండి అంటా ఉండారు. గుంట గట్టు దాకా సీసా తెచ్చి అమ్మేవాణ్ణి ఎవరు సరిచేస్తారు? తాగేవాడు తన ఊపిరి చూసుకోవాల, అమ్మేవాడు డబ్బు లెక్క చూసుకోవాలా?

గుండ్లకమ్మ

పెద్దమ్మా, మీ మాటకు నేను ఎదురు చెప్పను. రాబిన్స్ సైనికుల విషయం కూడా మీ వైపే నిలబడుతుంది, దొరక్కపోతే చాలామంది బయటపడతారు. టిఫనీ చెప్పినదాంట్లో కూడా గుర్తులు చాలావరకు బయటే ఉన్నాయి. బెల్టు షాపు ఆపగలిగితే ఆపాల్సిందే. నేను అడిగేది ఒక్కటే, ఆపేదాకా ఈ తమ్ముడు ఈ సాయంత్రం ఏం చేయాలి?

కలిగిరి_పెద్దమ్మ

సాయంత్రానికి ఆ పద్ధతి చెప్పు నాయనా, కాదనను. ఆ అంగడి సంగతి మీ గ్రూపు అక్కలు చూసుకోవాల. పెన్నా_ఒడ్డు తల్లీ, మీ పొదుపు సంఘంలో ఈ మాట ఎత్తు.

బ్యారన్_రైతు

ఇంకో ప్రశ్న. ఇప్పుడు ప్రతివాడూ మైండ్‌ఫుల్‌నెస్ యాప్ అంటున్నాడు, డబ్బులు అడుగుతున్నాడు. నిజంగా ఎంతమందికి పనిచేసింది? మంచి లెక్కలున్నాయా?

గుండ్లకమ్మ

ఉన్నాయి, రెండు వైపులా ఉన్నాయి.

మంచి ఫలితాలు ముందు చెప్తాను. 2011లో జడ్సన్ బ్రూవర్ 88 మంది సిగరెట్ తాగేవాళ్లను తీసుకున్నాడు. నాలుగు నెలలకు ఎరుక శిక్షణ పొందినవాళ్లలో 31 శాతం, మామూలు మాన్పించే తరగతులకు వెళ్లినవాళ్లలో 6 శాతం సిగరెట్ లేకుండా ఉన్నారు. 2014లో బోవెన్ బృందం, చికిత్స పూర్తిచేసిన 286 మందిని మూడు గుంపులుగా చేసింది. ఏడాది తర్వాత ఈ శిక్షణ పొందినవాళ్లు మిగతా రెండు గుంపులకంటే తక్కువ రోజులు మత్తు వాడారు.

రెండో వైపు కూడా చెప్పాలి. 2021లో కాక్రేన్ సంస్థ దాదాపు నలభై పరిశోధనలను కలిపి చూసి, సాక్ష్యం బలహీనంగా ఉందని, గట్టిగా చెప్పలేమని తేల్చింది. సిగరెట్ల మీద 2022లో చేసిన సమీక్ష కూడా మిగతా పద్ధతులకంటే మెరుగు అని చూపలేకపోయింది. అంటే హాని కనిపించలేదు, కొందరికి బాగా ఉపయోగపడింది. అందరినీ మాన్పిస్తుందని చెప్పి డబ్బు తీసుకునేవాణ్ణి మాత్రం నమ్మకండి. నా దృష్టిలో ఇది మందులకూ, కౌన్సెలింగ్‌కూ, ఇంటివాళ్ల తోడుకూ పక్కన నిలబడాల్సింది. వాటికి బదులు రాదు.

ఇదే అలవాటును వేరే దారిలో మార్చే ప్రయత్నం కూడా జరిగింది. జర్మనీలో 214 మంది రోగులకు జాయ్‌స్టిక్ ఇచ్చి, తెర మీద మద్యం బొమ్మ వచ్చినప్పుడల్లా దూరంగా తోయమన్నారు. చేసింది నాలుగు విడతలే. వీర్స్ బృందం 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఏడాది తర్వాత ఫలితం 13 శాతం మెరుగ్గా ఉంది. చేతికి అంటుకున్న అలవాటును చేతి పనితోనే కొంత మార్చవచ్చన్నమాట.

అన్నా, మీకు సిగరెట్ కాబట్టి ఒక సలహా. బ్యారన్ దగ్గర ఒక్క రాత్రి సిగరెట్ మానకండి, ఊరికే ప్రతి దమ్మునూ రుచి చూస్తూ తాగండి. బ్రూవర్ దగ్గరికి వచ్చినవాళ్లకు ఇట్టాగే మొదలుపెట్టించేవాడు. చాలామంది ఇరవై ఏళ్లుగా తాగుతున్నా దాని అసలు వాసన, నోట్లో మిగిలే రుచి అప్పుడే గమనించారు. మానాలనిపిస్తే 1800-11-2356, పొగాకు మాన్పించే ఉచిత నంబరు. నికోటిన్ గమ్ కూడా అడగండి, దాని ప్రయోజనానికి సాక్ష్యం గట్టిగా ఉంది.

బ్యారన్_రైతు

చేసి చూశాను సార్. మొదటి రెండు దమ్ములు బాగున్నాయి. మూడోది నుంచి నోరంతా చేదు, గొంతు మంట. సగంలో పారేశాను. తర్వాతది మళ్లీ తెలియకుండానే వెలిగించాను, అది వేరే సంగతి. కానీ ఆ మూడో దమ్ము రుచి నాకు ఇప్పటిదాకా తెలియదు.

చందవరం

అన్నా, ఎట్టా వెలిగించానో తెలియలేదు అని మీరు గమనించారు చూడండి, సాధన అక్కడ నుంచే మొదలవుతుంది.

పెన్నా_ఒడ్డు

అందరికీ చెప్పాలి. తమ్ముడితో మాట్లాడాను. మా మరదలు ఒట్టు గురించి ఎత్తకుండా, "ఏ వేళకు ఎక్కువ లాగుతుంది నీకు" అని అడిగింది. వాడు ఇంతకాలం ఎవరికీ చెప్పని మాట చెప్పాడు. తెల్లవారుజామున ఏరియేటర్లు చూసుకుని గట్టు మీద కూర్చున్నప్పుడు, రొయ్యకు రోగం వస్తే అప్పు ఎట్టా తీర్చాలన్న టెన్షన్‌తో గుండె బిగుసుకుపోతుందట. సీసా అప్పుడే గుర్తుకొస్తుందట. డాక్టరు దగ్గరికి రావడానికి ఒప్పుకున్నాడు. సిస్టర్, మొదటిసారి పోయేటప్పుడు ఏం చెప్పాలి? మా మరదలు కూడా లోపలికి రావచ్చా?

సిస్టర్_కందుకూరు

రావచ్చు, రావాలి కూడా. రోజుకు ఎంత, ఏ రకం, చివరిసారి ఎప్పుడు తాగాడు అన్నది దాచకుండా చెప్పండి. మాల రోజుల్లో వణికిన సంగతి, పిలుపులు వినిపించిన సంగతి తప్పకుండా చెప్పండి, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయేమో కూడా. వాడుతున్న మాత్రలు ఏమైనా ఉంటే చీటీతో పాటు తీసుకెళ్లండి. డాక్టరును కలిసేదాకా ఆయనంతట ఆయన్ని ఒక్కసారిగా ఆపనివ్వకండి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, మత్తు మాన్పించే కేంద్రాల వివరాలు చెప్తారు. ఆ తెల్లవారుజాము గుండె బిగువు సంగతి ఆయన నోటితోనే డాక్టరుకు చెప్పనివ్వండి. మీరు మధ్యలో అందుకోకండి.

పెన్నా_ఒడ్డు

సరే సిస్టర్. సోమవారం పోతున్నాం.